కీచుపిట్ట లేదన్న నాలుగేళ్ళు

కంకిపాడు దాటి కూచిపూడి వైపు పోయే దారిలో, చెరకు తోటల మధ్య నుంచి ఎడమచేతి వైపుకు ఒక మట్టిగట్టు చీలుతుంది. దాని చివర తుంగలమడుగు. పేరుకు మడుగే గాని మూడు వందల ఎకరాల నీళ్ళు, నీళ్ళ అంచున మనిషెత్తుకు మించి ఎదిగిన జమ్ము. చలికాలం రాగానే ఎక్కడెక్కడి పక్షులో అక్కడ దిగుతాయి. వాటిని చూడ్డానికి బెజవాడ నుంచి మనుషులు దిగుతారు. నెలకు రెండు ఆదివారాలు ఆ మనుషులను గట్టు మీద ముందుండి నడిపించేవాడు నిసార్ అహ్మద్.

నిసార్ పక్షుల గురించి చదువుకున్నవాడు కాడు. పదో తరగతి తప్పి ఆటోనగర్లో ఒక షెడ్డులో చేరాడు. రేడియేటర్లకు మాట్లు వేయడం నేర్చుకున్నాడు. ఆ పనిలోనే వయసు అరవై దాటింది. లీకైన రేడియేటరు తెస్తే ఎవరైనా నీళ్ళతొట్టిలో ముంచి, గాలి పట్టించి, బుడగ ఎక్కడ లేస్తుందా అని చూస్తారు. నిసార్ ముంచేవాడు కాదు. గాలి పట్టించి, చెవి దగ్గర పెట్టుకుని, సుద్దముక్కతో ఒక గీత గీసేవాడు. “ఇక్కడ” అనేవాడు. లారీ డ్రైవర్లు పందెం కాసి మరీ తొట్టిలో ముంచి చూసేవాళ్ళు. బుడగ సరిగ్గా గీత మీదనే లేచేది. నిసార్ భాయ్ చెవిలో జిన్ను కాపురముంటోందని ఆటోనగర్లో ఒక మాట ఉండేది.

ఆ చెవే అతన్ని మడుగు దాకా తీసుకొచ్చింది. ఇరవై రెండేళ్ళ కిందట, గట్టు పక్కన ఆగిపోయిన లారీని బాగుచేయడానికి ఒక తెల్లవారుజామున వచ్చాడు. అక్కడ మెడలో బైనాక్యులర్సు వేలాడేసుకుని, మోకాళ్ళ దాకా బురదతో ఒక పెద్దమనిషి జమ్ములోకి తొంగి చూస్తున్నాడు. ఆయన వెంకటసుబ్బారావు మాష్టారు, కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే లెక్చరరు.

“ఏం పోయింది సార్?” అని అడిగాడు నిసార్.

“పోవడం కాదయ్యా. మూడు రోజులుగా ఒక పిట్ట కోసం చూస్తున్నా.”

“ఆ కీచుమంటున్నదేనా? ఆ మూడో దుబ్బులో ఒకటుంది. దాని వెనకాల ఇంకో రెండు.”

“నాకేం వినపడట్లేదే!” అన్నారు మాష్టారు. మాష్టారి చెవులకు సన్నని చప్పుళ్ళు అప్పటికే అందడం మానేశాయి. కానీ గంటసేపు ఆ మూడో దుబ్బు మీంచి చూపు తిప్పకుండా నిలబడ్డారు. బొటనవేలంత గోధుమరంగు పిట్ట ఒకటి దుబ్బులోంచి దుబ్బులోకి ఉరికింది. తర్వాతి ఆదివారం బందరు లడ్లు పట్టుకుని ఆటోనగర్లో నిసార్ షెడ్డు వెతుక్కుంటూ వచ్చారు.

పుస్తకంలో ఆ పిట్టకు పొడుగాటి ఇంగ్లీషు పేరుంది. నిసార్ కీచుపిట్ట అన్నాడు, అందరికీ అదే పేరైంది. మంచు దేశాల నుంచి ఇంత దూరం ఎగిరొచ్చి, మూడు నెలలు జమ్ము అడుగున దాక్కుని, మళ్ళీ వెళ్ళిపోయే పిట్ట. కంటికి చిక్కదు. తెల్లవారుతుండగా ఒక అరగంట కీచుమంటుంది. ఉందో లేదో తెలియడానికి అంతకు మించి దారి లేదు.

అందుకని ఒక పద్ధతి ఏర్పడింది. ఏటా జనవరి చివరి నడకలో పక్షుల లెక్క రాస్తారు. గట్టు మలుపు దగ్గర అందరూ ఐదు నిమిషాలు నోరు మెదపకుండా నిలబడాలి. నిసార్ కళ్ళు మూసుకుంటాడు. జమ్ములో వినిపించిన ఒక్కో కీచుపిట్టకు ఒక్కో వేలు ఎత్తుతాడు. మాష్టారు ఆ వేళ్ళు చూసి కాగితం మీద అంకె వేస్తారు. ఇంకెవరు ఏం విన్నామన్నా లెక్కలోకి రాదు. ఆ కట్టుబాటు పెట్టింది మాష్టారే. “ఉత్సాహం ఎక్కువైతే మనవాళ్ళు లేని పిట్టని కూడా వింటారయ్యా” అనేవారు. అది నిజం కూడా.

కొత్తగా వచ్చినవాళ్ళకు నిసార్ ఒక పాఠం చెప్పేవాడు. “కీచురాయి కూడా ఇలాగే అరుస్తుంది. మరి తేడా ఎలా తెలుస్తుందంటారా? కీచురాయికి చలి పడదండీ. ఇంత మంచులో కీచుమన్నదంటే అది పురుగు కాదు, పిట్ట.” ఆ మాట చాలామంది డైరీల్లో రాసుకున్నారు.

ఒక ఏడు తొమ్మిది, ఒక ఏడు పదకొండు, ఒక ఏడు ఏడు. తర్వాత నాలుగైంది. ఆపైన సున్నా. వరసగా నాలుగేళ్ళు నిసార్ పిడికిలి ముడుచుకునే ఉంది.

అతనికి నిజంగానే దిగులు పట్టుకుంది. “రావడం మానేశాయండీ. అక్కడెక్కడో వాటి చోటు పాడైపోయుంటుంది. ఇంత పిట్ట, అంత దూరం, ఎన్నాళ్ళని వస్తుంది?” అని ప్రతి నడకలోనూ చెప్పేవాడు. చెప్పగా చెప్పగా ఆ చెప్పడం బాగా కుదిరింది. వినేవాళ్ళలో కళ్ళు తుడుచుకున్నవాళ్ళున్నారు.

ఇంట్లో సంగతి వేరు. “ఇన్వర్టరు పొద్దుట్నుంచీ కీచుకీచుమంటుంటే పక్కనే కూర్చుని పేపరు చదువుతారేంటండీ?” అని షహజాది అరిచేది. “చదివేటప్పుడు నాకేం వినపడదని తెలుసుగా” అనేవాడు నిసార్. “చదవనప్పుడు మాత్రం ఏం వినపడింది కనక” అనేది ఆమె. భార్యాభర్తల మధ్య అది మామూలు మాటే. షెడ్డు పక్కన ముప్ఫై ఐదేళ్ళుగా లారీ బాడీల మీద సుత్తి దెబ్బలు పడుతూనే ఉన్నాయి. ఈ మధ్య నిసార్ రేడియేటర్లను తొట్టిలో ముంచడం మొదలుపెట్టాడు. కళ్ళతో చూస్తేగాని గిరాకీలు నమ్మట్లేదని పనివాళ్ళతో అన్నాడు. తనతో తను కూడా అదే అనుకున్నాడు.

నిరుడు ఫిబ్రవరిలో మడుగు పడమటి వైపు బోట్లు తిప్పాలనుకున్నారు. దానికి అక్కడి జమ్మంతా తీసేయాలి. మడుగు దగ్గరి పర్యాటక కేంద్రం చూసుకునే అధికారి పాత లెక్కలన్నీ తెప్పించుకుని చూశాడు. అవి చాలవన్నట్టు నిసార్‌నే పిలిచి అడిగాడు. “మీరు చెప్పండి నిసార్ గారూ, ఆ జమ్ములో ఏమైనా ఉందా?”

“ఏం లేదు సార్, ఖాళీ. ఉన్నదంతా జమ్మే” అన్నాడు నిసార్.

ఆరు రోజుల్లో జమ్ము పోయింది. హంసల ఆకారంలో తెల్లటి బోట్లొచ్చాయి. ఈ ఏడు తూర్పు వైపు మిగిలిన ఏడెకరాల జమ్ము కూడా తీసి కార్లు నిలిపే చోటు చేద్దామన్నారు. జనవరి లెక్క అందాక సోమవారం నాడు ఆ సంగతి తేలుస్తామన్నారు.

ఆ ఆదివారం నడకకు పన్నెండు మంది వచ్చారు. మంచు దట్టంగా ఉంది. మాట్లాడితే నోట్లోంచి పొగ వస్తోంది. చేతిలో మోచేయంత లెన్సుతో జయంత్ ఉన్నాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మూడేళ్ళుగా ఒక్క నడక కూడా మానలేదు. కంకిపాడు బడిలో ఒకటో తరగతి చెప్పే స్టెల్లా టీచరు రావడం అదే మొదలు. భర్త అంతోని ఆమెను బండి మీద దింపి, చలికి వణుకుతూ టీకొట్టు వైపు పోయాడు.

“సూదితోక బాతులు, అటు చూడండి, ఆ గట్టు కింద” అని నిసార్ చూపించాడు. గూడబాతుల గుంపు మంచులోంచి తెల్లగా తేలి వచ్చింది. జయంత్ కెమెరా టపటపలాడింది.

“జయంతూ, ఆ మరఫిరంగి కాసేపు ఆపు” అన్నారు మాష్టారు. “అవి భయపడి సైబీరియా పోతే చార్జీలు నువ్వు పెట్టుకోవాలి.”

మలుపు దగ్గర అందరూ ఆగారు. ఎదురుగా ఇప్పుడు మిగిలింది తూర్పు జమ్మే. నిసార్ కళ్ళు మూసుకున్నాడు. నీటికోడి ఒకటి గొంతు సవరించుకుంది. దూరంగా రోడ్డు మీద ట్రాక్టరు పోయింది. ఎవరో ముక్కు ఎగబీల్చారు. ఐదు నిమిషాలూ అయ్యాయి. అతని పిడికిలి విచ్చుకోలేదు.

“ఇంక మాట్లాడొచ్చాండీ?” అంది స్టెల్లా.

“చెప్పమ్మా.”

“పలక మీద గోటితో గీరినట్టు ఆ కీచుకీచుమంటున్నది ఏమిటండీ?”

అందరూ నిసార్ వైపు చూశారు. ఇరవై రెండేళ్ళుగా అలాగే చూస్తున్నారు. అతనికి నీటికోడి తప్ప ఏమీ వినిపించలేదు. వినిపించలేదని అనడానికి నోరు రాలేదు.

“కీచురాయి తల్లీ” అన్నాడు.

“మేడమ్, ఇక్కడ నిసార్ గారి వేలు లేవకపోతే పిట్ట లేనట్టే. సుప్రీంకోర్టు తీర్పు, అప్పీలు లేదు” అన్నాడు జయంత్. అందరూ నవ్వారు. స్టెల్లా కూడా నవ్వింది. మాష్టారు కాగితం మీద సున్నా చుట్టారు.

ముందుకు కదిలారు. పాతిక అడుగులు వేశాక చలికి నిసార్ వేళ్ళు కొంకర్లు పోయాయి. నోటి దగ్గర పెట్టుకుని ఊదుకున్నాడు. ఊదుతూ ఊదుతూ ఆగిపోయాడు.

ఇంత చలిలో కీచురాయా?

తనే కదా చెప్పింది. ఎన్ని వందల మందికో చెప్పింది. చుట్టూ చూశాడు. ఎవరికీ పట్టినట్టు లేదు. జయంత్ లకుముకి పిట్టను ఫొటో తీస్తున్నాడు. మాష్టారు ఒక్కరే నడక ఆపి కళ్ళద్దాలు తుడుచుకుంటున్నారు. నిసార్ వైపు చూడలేదు.

నిసార్ అందరినీ ముందుకు పోనిచ్చి వెనకబడ్డాడు. స్టెల్లాను పక్కకు పిలిచాడు.

“అమ్మా, ఇందాకటిది ఇంకా వినపడుతోందా?”

“వినపడుతూనే ఉందిగా అండీ. ఒకటి కాదు, రెండు. ఉండండి... మూడు. మూడోది కొంచెం లోపలుంది.”

“ఎప్పట్నుంచి?”

“గట్టెక్కినప్పట్నుంచీ. మా క్లాసులో నలభై మంది. వెనక బెంచీలో ఎవడు పెన్సిలు గీకుతున్నా తిరక్కుండానే పేరు పెట్టి పిలుస్తాను. అలవాటైపోయింది.” పిల్లవాడు బోర్డు మీద రాసింది కనపడట్లేదని చెబితే అడిగే గొంతుతో అడిగింది. “మీకు వినపడట్లేదాండీ?”

నిసార్ జమ్ము వైపు తిరిగాడు. జమ్ము కంకులు మంచుకు బరువెక్కి వంగి ఉన్నాయి. అక్కడ ఏ చప్పుడూ లేదు. నాలుగేళ్ళుగా లేనట్టే ఇప్పుడూ లేదు.

“లేదమ్మా” అన్నాడు. ఆ మాట ఒకరితో అనడం అతనికి అదే మొదటిసారి.

ఆమె ముందుకు వెళ్ళిపోయింది. నిసార్ గట్టు మీద కూర్చున్నాడు. ఊరుకుంటే ఊరుకోవచ్చు. ఈ స్టెల్లా టీచరు మళ్ళీ వస్తుందో రాదో. పదకొండింటికి కాగితం ఆఫీసులో అందుతుంది. సోమవారం తూర్పు జమ్ము సంగతి తేలిపోతుంది. ఆ తర్వాత వినడానికే ఏమీ ఉండదు గనక, ఎవరి చెవి ఎలా ఉందన్న ప్రశ్నే రాదు. తను బతికినన్నాళ్ళూ జిన్ను చెవివాడుగానే మిగిలిపోతాడు.

పడమటి జమ్ము తీసిన మొదటి రోజు గుర్తొచ్చింది. యంత్రాలు తెల్లవారకముందే వచ్చాయి. డ్రైవర్లకు నేల తెలియదు. బండి దిగబడిపోతుందని భయపడుతుంటే నిసారే ముందు నడిచి, గట్టినేల ఎక్కడుందో కాలితో తట్టి చూపించాడు. వాళ్ళతో కలిసి టీ తాగాడు. అదే వేళ, అదే చలికాలం, ఇంత మంచూ ఉంది. ఆ పూట ఆ జమ్ములో అవి ఎంతగా అరిచి ఉంటాయి? తను గ్లాసు పట్టుకుని అక్కడే, పది గజాల దూరంలో నిలబడి ఉన్నాడు.

లేచి అందరి వెనకే నడిచాడు.

గట్టు చివర రేకుల పందిరి కింద అందరూ ఫ్లాస్కులు తెరిచారు. మాష్టారు కాగితం మడిచి కవరులో పెడుతున్నారు.

“మాష్టారూ, ఆ సున్నా కొట్టేయండి.”

“ఏం? విన్నావా?”

“వినలేదు. అందుకే కొట్టేయమంటున్నా. మూడున్నాయి. ఈ టీచరమ్మ వింది. నాకు వినపడదు మాష్టారూ. ఇవాళ కాదు, నాలుగేళ్ళుగా వినపడట్లేదు. ఇవాళ తెలిసింది.”

జయంత్ బిస్కెట్టు కొరకబోతూ చెయ్యి దించాడు. తన వల్లే ఏదో తప్పు జరిగిపోయిందన్నట్టు “నేను ఊరికే అడిగానండీ” అంది స్టెల్లా.

మాష్టారు కవరు పక్కన పెట్టి లేచారు. తర్వాత నిసార్ చెయ్యి పట్టుకుని పందిరి అవతలికి తీసుకుపోయారు.

“నిరుడు జనవరిలో, మౌనంలో ఉండగా, నా వాచీ మోగిందయ్యా. నాకూ వినపడదనుకో, పక్కనున్న అమ్మాయి సైగ చేస్తే నొక్కాను. మునుపైతే నువ్వు నా మీద పడి కొట్టేవాడివి. ఎవరు దగ్గినా ఊరుకునేవాడివి కాదు. ఆ రోజు కళ్ళు మూసుకుని అట్లాగే నిలబడ్డావు. నీ నుదురైనా ముడిపడలేదు.”

“మరి చెప్పలేదేం మాష్టారూ?”

“ఏమని చెప్పనయ్యా? నాకు చెవులై ఇన్నేళ్ళు నడిచినవాడివి. నీ చెవి పోయిందయ్యా అని నా నోటితో అనాలా? అనుమానమే కదా అనుకున్నాను. వచ్చే ఏడు చూద్దాంలే అనుకున్నాను.”

నిసార్ నెమ్మదిగా లెక్క వేసుకున్నాడు. “జనవరిలోనా? అప్పటికి పడమటి జమ్ము ఉంది కదండీ.”

మాష్టారు, డెబ్భై ఆరేళ్ళ మనిషి, గట్టు మీద బెడ్డను చెప్పుతో అటూ ఇటూ దొర్లిస్తూ నిలబడ్డారు. ఆయన్ను ఒక మాట అనాలనిపించింది నిసార్‌కు. అనడానికి తనకేం మిగిలిందని అనిపించి ఊరుకున్నాడు.

పందిరి కిందికి తిరిగొచ్చాక మాష్టారు సున్నా కొట్టేశారు. దాని పక్కన మూడు వేసి, విన్నవారు స్టెల్లా అని రాశారు.

“పాతవి కూడా” అన్నాడు నిసార్. “ఆ నాలుగు సున్నాలు సున్నాలు కావు. తెలియదు అని రాయండి. నిసార్ అహ్మద్‌కు వినపడదు, అందుకని ఆ నాలుగేళ్ళూ తెలియదు. అట్లాగే రాయండి, నేను సంతకం పెడతా.”

“పేరు పోతుందయ్యా.”

“పోనీండి మాష్టారూ. జమ్మే పోయింది.”

ఆ కాగితం అందాక తూర్పు జమ్మును ఈ ఏడు ముట్టుకోవడం లేదని కబురొచ్చింది. వచ్చే ఏడు మళ్ళీ విని చూస్తారట. సంతోషపడవలసిన కబురే. షహజాది సేమ్యా చేసింది. నిసార్ రెండు చెంచాలు తిని గిన్నె పక్కన పెట్టాడు. “ఇన్వర్టరు కీచుమన్నప్పుడు నేను ఇంకాస్త గట్టిగా పోట్లాడవలసింది” అంది ఆమె. ఎగతాళికి అన్న మాట కాదు.

ఆ తర్వాతి ఆదివారం నడక లేదు. నిసార్ స్టెల్లాకు ఫోన్ చేసి, వీలుంటే తెల్లవారేసరికి ఒక్కసారి పడమటి వైపుకు రమ్మని అడిగాడు. ఎందుకని ఆమె అడగలేదు. అంతోని బండి మీద దింపి, మళ్ళీ టీకొట్టు వైపే పోయాడు.

పడమటి వైపు సిమెంటు మెట్లు కట్టారు. తెల్ల హంసలు గొలుసులతో కట్టేసి ఉన్నాయి. వాటి వీపుల మీద మంచు నీళ్ళుగా కారుతోంది. మెట్ల అవతల, యంత్రం అందుకోలేని మూల, నాలుగు మూరల జమ్ము మిగిలింది. ఇద్దరూ దాని ఎదురుగా నిలబడ్డారు. స్టెల్లా తలకు చుట్టుకున్న శాలువ తీసి చెవులు బయటపెట్టింది. ఐదు నిమిషాలు పోయాయి. నిసార్ పది నిమిషాలు ఆగాడు.

“ఏమైనా?”

“నీటికోళ్ళు. గొలుసులు. అంతేనండీ.”

“లోపల ఎక్కడైనా, సన్నగా?”

“లేదండీ. ఉంటే చెప్పనా?”

అతను మెట్టు మీద కూర్చున్నాడు. ఆమె ఒక మెట్టు కింద కూర్చుంది.

“ఇక్కడ ఎన్నుండేవండీ?”

“ఒక ఏడు పదకొండు లెక్కపెట్టాను. పది వేళ్ళూ అయిపోతే మాష్టారి వేలు పట్టుకుని ఎత్తాను.”

“పదకొండూ ఒక్కసారే అరిస్తే ఎట్లా ఉండేదో! నేను మూడే విన్నాను.”

నిసార్ నాలుకను పళ్ళ వెనక ఆనించి, పెదవులు సన్నగా విప్పి, గాలి వదిలాడు. ఆగి, మళ్ళీ వదిలాడు. స్టెల్లా తల పక్కకు వంచి వింది.

“వచ్చిందా అమ్మా?”

“వచ్చిందండీ. కాకపోతే కొంచెం లావుగా ఉంది. అది ఇంకా సన్నం.”

అతను నాలుక ఇంకాస్త పైకి జరిపి మళ్ళీ ఊదాడు. పళ్ళ సందున చల్లటి గాలి పోవడం మాత్రం అతనికి తెలిసింది. సరిపోయిందో లేదోనని ఆమె మొహంలోకి చూశాడు.